ఎవరొచ్చినా పలికే గది

మా ఆఫీసులో చీకటి పడ్డాక ఎవరూ అడుగుపెట్టని గది ఒకటుంది. మూడో అంతస్తులో, వరండా చివర. తలుపు జానెడు మందం. లోపల గోడలకీ పైకప్పుకీ నల్లటి స్పాంజి పలకలు. ఆ గదిలో గొంతు చించుకుని అరిచినా, తలుపు బయట నిలబడ్డవాడికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు.

అలా ఉండాలనే కట్టారు లెండి. మాది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ. వీధిలో హారన్లు లోపలికి రాకూడదు కదా. కానీ ఒకసారి పేరు చెడ్డాక గదికున్న మంచి గుణం కూడా మనిషిని భయపెడుతుంది. "అక్కడ అరిచినా ఎవరికీ వినబడదు" అనే మాటని మావాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం మొదలుపెట్టి రెండు నెలలు దాటింది.

ఆ గదిలో ఎవరూ ఉండరు... అయినా పలుకుతుంది.

ఈ కథని మా ఆఫీసులో తలా ఒక రకంగా చెబుతారు. అన్ని రకాల్లోనూ చివర్లో ఒక మగాడు కిందపడి ఏడుస్తాడు. ఆ మగాడు నేనే. ఏడవలేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాను. అందుకని ఆ సమయంలో ఏం జరిగిందో వాచ్‌మన్ బాబాయ్ చెప్పగా విన్నదే మీకు చెబుతున్నాను. అలా విన్న ముక్కలు కాస్త ఎక్కువే.

నా ఉద్యోగం ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం. ఎవరి మెషిన్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. నేను దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు బాగవుతుంది. ఆ తొమ్మిదిసార్లకే నన్ను మేధావి అనుకుంటారు, నేనూ కాదనను.

ఆ గది మాస్టారిది. రిటైరైన బడి మాస్టారు. భార్యకి చూపు పోయాక రోజూ ఆవిడకి పుస్తకాలు చదివి వినిపించేవారట. ఆ అలవాటుతోనే మా దగ్గరికొచ్చి నాలుగేళ్ళు చదివారు. గొంతు బంగారం. మౌసు మాత్రం ఆయన చేతికి లొంగలేదు.

"అబ్బాయ్, మైకు గుచ్చడం, పీకడం... ఈ రెండే నాకు వచ్చు. మిగతాదంతా అదే చేసుకునేలా పెట్టు" అన్నారు మొదటి రోజే.

పెట్టాను. ఎలా పెట్టానో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే నా పరువు కథ మొదట్లోనే పోతుంది.

మూడు నెలల క్రితం మాస్టారు నిద్రలోనే పోయారు. అప్పటికి ఆయన చదువుతున్నది పెద్ద నవల. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

పదిహేను రోజులకి ఆయన భార్య మా ఆఫీసుకొచ్చింది. చేతిలో అరచేయంత పెట్టె. అందులో పుస్తకాలు వేసిస్తే మీట నొక్కి వింటారు, చూపు లేనివాళ్ళందరి దగ్గరా ఉండేదే. బల్ల అంచు తడుముకుంటూ నా ఎదుట కూర్చుంది.

"ఆయన పోయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, 'ఇవాళ ఆఖరి అధ్యాయం పూర్తి చేసేశాను, రేపు నీ పెట్టెలో వేసి తెస్తాను' అన్నారు నాయనా. అది వేసిస్తావా?"

నేను కుర్చీలోంచి లేవకుండానే ఆ గది కంప్యూటర్లోకి తొంగిచూశాను. మా ఆఫీసులో అలా చూడొచ్చు. మాస్టారి మైకు పేరున్న ఫోల్డరు తెరిచాను. ఆయన పోయిన రోజుకి ముందురోజు వరకే ఉంది.

"లేదమ్మా. ఆ రోజు రికార్డు చేయలేదు."

"సరిగ్గా చూడు నాయనా. చదివానన్నారు."

అప్పుడు నాలోని మేధావి మేలుకున్నాడు. "మెషిన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

ఆవిడ ఆ పెట్టెని సంచిలో పెట్టుకుంటూ, "అయితే ఆయన నాతో అన్న ఆఖరి మాట అబద్ధమన్నమాట" అంది. నిష్ఠూరం లేదు, కోపం లేదు. లేచి వెళ్ళిపోయింది. నేను టీ తాగడానికి వెళ్ళాను. ఆ టీ సయించలేదని ఇప్పుడు చెబితే మీరు నమ్మక్కర్లేదు.

ఆ తర్వాతే గది పలకడం మొదలైంది.

ముందు విన్నది ఊడ్చే అక్క. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ గదిలోకి వెళ్ళింది. కంప్యూటర్ తెర ఆపేసి ఉంది. ఫోను ఛార్జింగుకి పెట్టుకుని, లైటు వేద్దామని గోడ వైపు తిరిగింది... వెనక నుంచి మాస్టారి గొంతు.

"...ఎవరొచ్చినా పలుకుతుంది... ఇక లైటు తీసేస్తాను."

అక్క కెవ్వుమని అరిచి, ఫోను లాక్కుని వరండాలోకి వచ్చి పడింది. చీపురు ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది.

నాలుగు రోజులకి టైపిస్టు ఆ గదిలోకి వెళ్ళింది. రహస్యంగా ఫోన్లో మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు మరి. ఆవిడకి మాస్టారు వినబడలేదు. చీకట్లో ఎవరో ఆడమనిషి కెవ్వుమని అరిచింది... అంతే. ఆ తర్వాత అకౌంట్సు ఆయన వెళ్తే, టైపిస్టు గొంతుతో ఎవరో మేడమ్‌ని తిడుతున్నారట. మేడమ్ అంటే మా మేనేజరు. టైపిస్టు అప్పుడు కింద తన కుర్చీలోనే ఉంది.

"అది ముందొచ్చినవాళ్ళ గొంతు పట్టుకుంటుంది" అని తేల్చారు. "మనందరి గుట్టూ దానికి తెలుసు."

నన్నడిగితే చిరునవ్వు నవ్వి, "అది ప్రతిధ్వని" అన్నాను. ప్రతిధ్వని రాకూడదనే లక్షలు పోసి కట్టిన గది అది. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. మేధావి చెప్పాడు కదా. ఆ మేధావి అప్పటినుంచి మూడో అంతస్తు మెట్లెక్కడమే మానేశాడని ఎవరూ గమనించలేదు.

కానీ ఎన్నాళ్ళు? ఒకరోజు పొద్దున్నే మేడమ్ పిలిచింది. "ఆ గదిలోకి కొత్త కంప్యూటర్ వస్తోంది. పాతదాన్ని రేపు మధ్యాహ్నం పట్టుకుపోతారు. కావలసినవి దాచుకుని, మిగతాదంతా తుడిచేసి ఇవ్వండి. పైకెళ్ళి చేయాలి, కిందనుంచి కుదరదు."

పగలే చేయొచ్చు. పగలంతా నాకు ఎక్కడెక్కడి పనులో గుర్తొచ్చాయి. ఎప్పుడో పాడైన ప్రింటర్ బాగుచేశాను. అందరి కీబోర్డులూ తుడిచాను. సాయంత్రం ఏడింటికి మేడమ్ ఇంటికి వెళ్తూ, "అయిందా?" అంది. "అదే పైకి వెళ్తున్నానండీ" అన్నాను. బయట చీకటి పడింది.

గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, కాస్త పైకి రా. టార్చి పట్టుకుందువుగాని."

"పైన లైటుంది కదా బాబూ?"

"ఉంది... వెలగకపోతే?"

ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకేం అడగకుండా టార్చి తీసుకుని లేచాడు. ఆ మర్యాదకి ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

వరండా పొడుగునా మా చెప్పుల చప్పుడే. గది తలుపు తోశాను... లోపల గాలి కదలడం లేదు. వెనకే తలుపు దానంతటదే మూసుకుంది. ఒక్కసారిగా ఊళ్ళో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. బాబాయ్‌కి కూడా వినబడిందట.

లైటు వేశాను. వెలగలేదు. నోటికొచ్చిన సాకు నిజమైంది. బల్బు ఎప్పుడో మాడిపోయిందట, మార్చడానికి వచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

టార్చి వెలుగులో బల్ల, కుర్చీ, నల్లటి తెర. పక్కన నేలమీద అక్క చీపురు. కంప్యూటర్ మీద చిన్న పచ్చ దీపం... మూడు నెలలుగా అలా వెలుగుతూనే ఉంది. ఫైళ్ళు దాచుకోవడానికి తెచ్చిన హార్డ్ డిస్కుని, వెనక్కి చేయిపెట్టి తడుముతూ గుచ్చాను.

టింగ్...

ఆ మోత ఆగీ ఆగకముందే గోడలోంచి వచ్చింది.

గుర్ర్ర్...

ఊపిరి. బరువైన ఊపిరి. లాగి... ఆగి... వదులుతోంది. పెద్ద జంతువేదో మా పక్కనే పడుకుని ఉన్నట్టుంది.

గుర్ర్ర్...

"బా... బాబాయ్..."

టార్చి వెలుగు గోడ మీద వణుకుతోంది. ఊపిరి ఒక్కసారి ఆగింది. చీకట్లో ఎక్కడో గంట కొట్టినట్టు 'ఠంగ్' మంది...

నా పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు మూసుకుని కింద కూలబడ్డాను. ఇక్కడినుంచి బాబాయ్ చెప్పింది.

నేను చీపురుకి దండం పెడుతూ, "మాస్టారూ... నా తప్పేనండీ... మైకు నేనే పట్టుకెళ్ళానండీ... ఆ అమ్మగారి ముందు కుర్చీలోంచి లేవకుండా వెతికానండీ... సరిగ్గా వెతకలేదండీ... నన్నొదిలెయ్యండి..." అన్నానట. వెనక్కి పాకబోతే కాలికి తీగ తగిలి డిస్కు ఊడిపోయింది.

టుంగ్.

నిశ్శబ్దం.

"తీగ ఊడింది బాబూ" అని బాబాయ్ మెల్లగా వంగి, దాన్ని తీసి మళ్ళీ గుచ్చాడు.

టింగ్...

ఈసారి ఊపిరి కాదు, మనిషి గొంతు. సన్నగా, వణుకుతూ, ముక్కులోంచి వస్తున్న గొంతు. అంత దిక్కుమాలిన గొంతుని నేనెప్పుడూ వినలేదు.

"మాస్టారూ... నా తప్పేనండీ... సరిగ్గా వెతకలేదండీ..."

నేను బాబాయ్ కాళ్ళు పట్టుకున్నాను. "విన్నావా... నా మాటలే అంటోంది... నా గొంతు పట్టుకోబోతోంది..."

బాబాయ్ చెవి ఒగ్గి విన్నాడు. "పట్టుకోవడమేంటి బాబూ. అది నీ గొంతే."

"నా గొంతు అలా ఉండదు!"

"అలాగే ఉంటుంది" అన్నాడు బాబాయ్, నొప్పించకుండా. "ఇందాకటి గురక మాత్రం నాది. కిందటి ఆదివారం ఫోను ఇక్కడ ఛార్జింగుకి పెట్టుకుని కాసేపు నడుం వాల్చాను. మేడమ్‌కి చెప్పకు."

మళ్ళీ 'ఠంగ్' మని గంట కొట్టింది.

ఆ గంట నాకు తెలుసు. దాన్ని పెట్టింది నేనే.

ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. ప్రతి కంప్యూటర్లోనూ మా బాబాయ్ లాంటి కాపలావాడు ఒకడుంటాడు. ఏ వస్తువు తెచ్చి గుచ్చినా 'ఎవరు నువ్వు, ఏం పని' అని అడిగి, పేరు రాసుకుని, దానికి కావలసినవి సిద్ధం చేసి, లోపలందరికీ కబురు పెడతాడు. ఆ 'టింగ్' అదే. ఊడబీకితే 'వెళ్ళిపోయాడు' అని చెప్పేదే 'టుంగ్'. ఫలానావాడు వస్తే ఫలానా పని చెయ్యమని ఆ కాపలావాడికి మనమూ ఒక చీటీ రాసివ్వొచ్చు.

మాస్టారి కోసం నేను రాసిన చీటీ ఇది. మైకు వస్తే, కిందటి రికార్డింగులో చివరి అరనిమిషం వినిపించు. ముందురోజు గొంతు వింటే గాని చదివేవాళ్ళకి ఈరోజు గొంతు కలవదు. తర్వాత గంట కొట్టి రికార్డింగు మొదలుపెట్టు. మైకు దొరక్కపోతే తెర నెత్తిన ఉన్న చిన్న మైకుతో కానిచ్చెయ్. పీకగానే ఆపి, వచ్చిన వస్తువు పేరున్న ఫోల్డర్లో దాచు.

అందులో మాస్టారి మైకు నంబరు రాయాలి. ఆ రోజు నంబరు ఎందుకో కలవలేదు. నాకు ఆకలేస్తోంది. నంబరు కొట్టేసి 'ఎవరొచ్చినా సరే' అని రాశాను. పక్కన నాకోసం ఇంకో ముక్క కూడా రాసుకున్నాను... 'రేపు సరిచేయాలి'.

ఆ రేపు వచ్చి నాలుగేళ్ళయింది.

తెర వేసి చూస్తే 'అపరిచితులు' అని ఒక ఫోల్డరు. మైకు కానివన్నీ, ఛార్జింగుకని మావాళ్ళు ఈ కంప్యూటర్‌కి గుచ్చిన ఫోన్లతో సహా, అక్కడికి చేరాయి. నా ఇప్పటి ఏడుపు, బాబాయ్ మూడు గంటల గురక, అకౌంట్సు ఆయన దగ్గు, టైపిస్టు తిట్లు, అక్క కేక. అన్నిటికంటే అడుగున ఒకటి. మాస్టారు పోయిన రోజు తేదీ. గంటా యాభై నిమిషాలు.

బాబాయే "నొక్కు బాబూ" అన్నాడు.

అధ్యాయం మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా ఉంది. మేం మొత్తం వినలేదు, అది మాకోసం చదివింది కాదు. చివరికి జరిపాను. 'సమాప్తం' అన్నారు మాస్టారు. కాగితాలు సర్దుకున్న చప్పుడు. తర్వాత, నవల చదివే గొంతు కాదు, మామూలు గొంతు.

"అబ్బాయ్, ఇవాళ మైకు కనబడలేదు. నువ్వు బాగుచేయడానికి పట్టుకెళ్ళి ఉంటావు. మా ఆవిడ పెట్టె తెచ్చానుగా, ఏం చేస్తుందో చూద్దామని దాన్ని గుచ్చాను. వెంటనే పలికింది! నువ్వు మంచివాడివోయ్. మైకుకే కాదు, ఎవరొచ్చినా పలుకుతుంది... ఇక లైటు తీసేస్తాను."

నేను నేలమీదే కూర్చుండిపోయాను. నా బద్ధకాన్ని ఆయన మంచితనం అనుకున్నారు. ఆ మైకు ఇంకా నా డ్రాయర్లోనే ఉంది. బాగుచేయడం మాట దేవుడెరుగు, సంచిలోంచి బయటికే తీయలేదు. ఆయన నిజమే చెప్పారు. ఆయన భార్యకి అబద్ధం చెప్పింది నేను.

అక్కడినుంచే ఆవిడకి ఫోన్ చేశాను. "దొరికిందమ్మా" అన్నాను. "రేపు పొద్దున్నే వస్తాను నాయనా" అంది.

ఇంత జరిగాక మనిషన్నవాడు మారాలి కదా. పైకి లేచి బట్టలు దులుపుకునే సరికి నా బింకం నాకు తిరిగొచ్చేసింది. బాబాయ్‌తో ఏవో రెండు ముక్కలు మాట్లాడాను. అవేమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఎనిమిదిన్నర అయింది. చీటీలో ఆ 'ఎవరొచ్చినా సరే' తీసేద్దామనుకున్నాను. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. రేపు చేద్దాంలే అనుకుని డిస్కు పీకాను.

టుంగ్.

మర్నాడు పదింటికి ఆవిడ వచ్చింది. బాబాయ్ చేయి పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది. దెయ్యం సంగతి తేలిందని విని మేడమ్, అక్క, టైపిస్టు, అకౌంట్సు ఆయన తలుపు దగ్గర మూగారు. నేను చొక్కా సర్దుకున్నాను.

"పాత మెషిన్ కదమ్మా, ఫైలుని తప్పు చోట దాచేసింది. నేనారోజు ఎంత వెతికినా అందుకే దొరకలేదు. ఏం చేస్తాం, మెషిన్ పొరపాటు."

"పోనీలే నాయనా" అంది ఆవిడ. "ఆయన అబద్ధం చెప్పలేదు. నాకదే చాలు." సంచిలోంచి ఆ పెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

నేను అందరివైపూ ఒకసారి చూసి, పెట్టెని గుచ్చాను.

టింగ్...

గదంతా ఆ దిక్కుమాలిన గొంతు మోగింది. ఈసారి వణకడం లేదు. మహా ధీమాగా ఉంది.

"...మెషిన్ మీదికి తోసేద్దాం బాబాయ్. మైకు నా డ్రాయర్లో ఉందనీ, నేను కుర్చీలోంచి లేవకుండా వెతికాననీ ఎవరికీ చెప్పకు. మెషినేమైనా నోరు తెరిచి కాదంటుందా ఏంటి... పద, ఆకలేస్తోంది."

ఠంగ్.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ పైకప్పు చూస్తున్నాడు. తల కొట్టేసినట్టయి నేను నేల చూపులు చూశాను. "క్షమించండమ్మా" అన్నాను... అది మాత్రం నా గొంతే, మూడు నెలలు ఆలస్యంగా.

ఆవిడ తడుముకుంటూ బల్ల దగ్గరికొచ్చి, కంప్యూటర్ మీద అరచేయి ఆనించింది. పెదవుల చివర నవ్వులాంటిది కదిలింది.

"నువ్వారోజు చెప్పింది నిజమే నాయనా... మెషిన్ అబద్ధం చెప్పదు."